ఒక్కొక్కరే దాటాలి

మంచు కింద పడి పోయినవాడికి పోస్టుమార్టం చెయ్యమని ఎవరూ అడగరు. పాపం, కొండకెళ్ళాడు, చరియ విరిగింది, రాత అంటారు. ఆనవాయితీగా గుర్రాన్ని కోసి నలుగురికీ భోజనం పెడతారు. అంతటితో సరి. అందుకే నీలిగద్ద ముఠాకి తుపాకులంటే గిట్టదు, మంచంటేనే ప్రేమ.

పోయిన చలికాలం ఇద్దరు అలాగే పోయారు. ఒకడు టెలిఫోన్ ఇంజనీరు, ఇంకొకడు సరిహద్దు కాపలా ఉద్యోగం మానేసినవాడు. ఇద్దరూ జడ్జి ముందు నోరు విప్పాల్సిన వారంలోనే స్కీలు కట్టుకుని స్నేహితులతో కొండెక్కారు. ఇద్దరూ వాలుని ఒంటరిగా దాటుతుండగా చరియ విరిగింది. ఇద్దరి చావుకీ బోలెడంత మంది సాక్షులు, అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళే.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, కరకోల్ బజారు వెనక సందులో నూడుల్స్ కొట్లో కూచున్నాడు ఏజెంట్ జోల్దోష్. ఎదురుగా ఒక ముసలాయన చల్లటి పుల్లటి నూడుల్స్ సూప్, అష్లాన్‌ఫు, జుర్రుకుంటున్నాడు.

"ఇవాళ కారం చచ్చింది," అన్నాడు ముసలాయన.

"మా అమ్మ చేస్తే కన్నీళ్ళొస్తాయి," అన్నాడు జోల్దోష్.

కోడ్ సరిపోయింది. ముసలాయన, అంటే గూఢచారి విభాగం చీఫ్ ఓమురాలీ, మూతి తుడుచుకుని గొంతు తగ్గించాడు.

"పేరు కనిషాయ్. ముప్పై నాలుగేళ్ళు. మ్యాపుల ఆఫీసులో సర్వేయరు. సరిహద్దు కనుమల రహస్య మ్యాపులు ఎవడు అమ్మాడో, నీలిగద్దలో ఎవడు కొన్నాడో కళ్ళారా చూసింది ఆమె ఒక్కతే. కాగితాలన్నీ తగలబెట్టేశారు. సోమవారం పొద్దున పదింటికి బిష్కెక్‌లో జడ్జి ముందు నిలబడి చెప్పాలి. అంతవరకూ బతికుండాలి. అదే నీ మిషన్."

"ఇంట్లోనే ఉండి తాళం వేసుకోమనొచ్చుగా సార్?"

"చెప్పి చూశా. 'తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం నా వాళ్ళతో కొండకెళ్తున్నా. ఈ ఆదివారం మానేస్తే నేనే సాక్షినని చాటింపు వేసినట్టు కాదూ' అని నన్నే గుమ్మం బయట నిలబెట్టింది. చలికి చెవులు ఊడిపోయాయనుకో." ఓమురాలీ ఒక కాగితం ముందుకి తోశాడు. "నిన్న మన చేతికి చిక్కిన సందేశం."

కాగితం మీద మూడే ముక్కలు. ఆదివారం. ఆమె ఒంటరిగా దాటేటప్పుడు. మన మనిషి పక్కనే ఉంటారు.

జోల్దోష్ చేతిలో చెంచా ఆగిపోయింది.

విరిగే వాలు ఎదురైతే ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్ళు ఆగి చూడాలి. విరిగినా ఒక్కరే కూరుకుపోతారు, మిగిలినవాళ్ళు తవ్వి తీస్తారు. స్కీల మీద కొండెక్కే ప్రతివాడికీ మొదటిరోజే నేర్పే పద్ధతి అది. ప్రాణాలు కాపాడటానికి పుట్టిన ఆ పద్ధతే ముఠాకి వాటంగా దొరికింది. ముందే మంచులో పేలుడుమందు పాతిపెట్టడం, మనిషి నడిమధ్యకి రాగానే ఒడ్డున నిలబడి మీట నొక్కడం.

"అంటే నొక్కేది ఆమె స్నేహితుల్లోనే ఒకరు," అన్నాడు జోల్దోష్.

"తొమ్మిదేళ్ళ స్నేహితుల్లోనే. నిన్న పడమటి గాలి వీచింది. ఆ గాలి తర్వాత వాళ్ళ గైడు ఏ దారిన తీసుకెళ్తాడో బాగా తెలిసినవాళ్ళు."

"నన్నెందుకు సార్ పంపిస్తున్నారు? నా సంగతి మీకు..."

"తెలుసు. పందొమ్మిదో ఏట మంచు కింద పదకొండు నిమిషాలున్నావు. ఇప్పటికీ దుప్పటి మొహం మీదికి లాక్కోవని కూడా తెలుసు. ఏం చెయ్యను? మన విభాగంలో మిగతావాళ్ళంతా లిఫ్టులో పైకెళ్ళి కిందికి జారే దొరబాబులు. స్కీల మీద కొండెక్కగలిగినవాడివి నువ్వొక్కడివే."

ఓమురాలీ ఒక చేతిగడియారం తీసి అతని మణికట్టుకి తనే కట్టాడు. "పది అడుగుల్లో ఎవరి దగ్గరైనా రహస్య ట్రాన్స్‌మిటర్ పనిచేస్తుంటే ఇది ఎర్రగా వెలుగుతుంది. విదేశీ సరుకు, జాగ్రత్త. ఇంకొక మాట. ఆ గుంపులో జాన్నా అని ఫొటోగ్రాఫరు ఉంది. నీలిగద్దలో చేరిన మన ఏజెంట్."

"నమ్మొచ్చా?"

"మన మనిషినని ఆమే అంటుంది. వాళ్ళతో కూడా అదే మాట అంటుంది మరి."

జోల్దోష్‌కి ఆ పూట సూప్ సహించలేదు.

*

ఆదివారం పొద్దున ఏడున్నరకి కనిషాయ్ ఇంటి ముందుగదిలో కాళ్ళు పెట్టడానికి చోటు లేదు. ఎక్కడ చూసినా బూట్లు, పారలు, స్కీ కర్రలు.

"మా పిన్ని కొడుకు. బిష్కెక్‌లో ఆఫీసు కుర్చీకి అంటుకుపోయాడు, కొంచెం దులుపుకొస్తానంటే తెచ్చా," అని పరిచయం చేసింది కనిషాయ్. పొట్టి మనిషి, పెద్ద గొంతు. అతను ఎవరో ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసని అతని నమ్మకం.

మిగతావాళ్ళు ముగ్గురు. సారిబాయ్, అరవై దాటిన గైడు, ఒకప్పుడు గొర్రెలు కాసిన కొండల్లోనే ఇప్పుడు మనుషుల్ని కాస్తున్నాడు. కుర్మాన్, ఊళ్ళో పళ్ళ డాక్టరు, కనిషాయ్‌తో ఒకటో తరగతి నుంచి చదివినవాడు, గుంపులో జోకులూ టీ అతని డిపార్ట్‌మెంట్. ఇక జాన్నా. ఎర్ర జాకెట్టు, వెండిరంగు కళ్ళద్దాలు, లిప్‌స్టిక్. కొండకి లిప్‌స్టిక్ వేసుకొచ్చినవాళ్ళని జోల్దోష్ అదే మొదటిసారి చూడటం.

బయల్దేరబోతుంటే కనిషాయ్ తల్లి బూరుల్ అమ్మ రొట్టె పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ ఊళ్ళో ఏ ఇంట్లోనూ రొట్టె ముట్టుకోకుండా ఎవరినీ గడప దాటనివ్వరు. తొందరుంటే గోరంత తుంచి నోట్లో వేసుకుని పోవాలి. ఆ ఇంటి రొట్టె తిన్నాక ఆ ఇంటికి చెడు చెయ్యకూడదని చిన్నప్పుడే ఉగ్గుతోపాటు నేర్పుతారు.

సారిబాయ్ తుంచాడు. జాన్నా లిప్‌స్టిక్ చెదరకుండా ఒక ముక్క లోపలికి వేసుకుంది. జోల్దోష్ తుంచాడు. కుర్మాన్ మాత్రం చెంప పట్టుకున్నాడు.

"పన్ను నొప్పమ్మా. వచ్చాక రెండు రొట్టెలు లాగిస్తా చూడు."

"పళ్ళ డాక్టరుకే పన్ను నొప్పి!" కనిషాయ్ పకపకా నవ్వింది. "ఊళ్ళో ఎవరికీ చెప్పకండి, వీడి కొట్టు మూతపడుతుంది."

అందరూ నవ్వారు. జోల్దోష్ కూడా నవ్వాడు. శిక్షణలో మొదటి మార్కు తెచ్చుకున్న ఏజెంటు, కళ్ళముందు జరిగినదాన్ని చూసి పళ్ళికిలించాడు. బూరుల్ అమ్మ మిగిలిన సగం రొట్టె గుడ్డలో చుట్టి, అందరికంటే చిన్నవాడని అతని చేతిలో పెట్టింది.

"పైన అందరికీ పంచు నాయనా. కింద పడెయ్యకు."

*

లోయ మొదట్లో, జీపు ఆగినచోట, సారిబాయ్ తనిఖీ పెట్టాడు. ప్రతి ఆదివారం పెట్టేదే. అందరి ఛాతీకీ బీకన్ అని అరచేతంత పెట్టె ఉంటుంది. 'పంపు'లో పెడితే అది ఆగకుండా సిగ్నల్ పంపుతూ ఉంటుంది. ఎవరైనా కూరుకుపోతే మిగతావాళ్ళు తమ పెట్టెల్ని 'వెతుకు'లోకి తిప్పి, ఆ సిగ్నల్ వెంట పోయి తవ్వుతారు. 'వెతుకు'లో ఉన్న పెట్టె వింటుందే గాని పలకదు. పెట్టె పలకనివాడు మంచులో పడితే మళ్ళీ వసంతంలోనే కనిపించడం.

ముసలాయన తన పెట్టెని 'వెతుకు'లో పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కరే ముందునుంచి నడిచారు. కనిషాయ్ సరే. కుర్మాన్ సరే. జోల్దోష్ సరే. జాన్నా రాగానే తెర మీద దూరం చూపే అంకెలు పిచ్చెక్కినట్టు గెంతాయి. మూడు, నలభై, పదకొండు.

"ఏమ్మా, లోపల రేడియో స్టేషన్ పెట్టావా?" అన్నాడు సారిబాయ్.

"ఫోన్లు పెద్దాయనా. రెండున్నాయి."

"ఫోను ఆన్‌లో పెట్టుకుని బీకన్ పక్కన ఉంచకూడదని ఎన్నిసార్లు చెప్పాలి? బీకన్‌కి మతి పోతుంది. తీసి ఆపి సంచిలో పడెయ్."

జాన్నా పెదవి విరిచి ఫోన్లు తీసింది. జోల్దోష్ గడియారం వంక చూశాడు. ఎర్ర దీపం లేదు. అయినా అతని కళ్ళు ఆ ఎర్ర జాకెట్టు మీదే అతుక్కుపోయాయి.

వెనక్కి జారకుండా స్కీల అడుగున బొచ్చుపట్టీలు అంటించుకుని ఎక్కడం మొదలుపెట్టారు. ముందు సారిబాయ్, వెనక కనిషాయ్, తర్వాత జాన్నా, జోల్దోష్, చివర రిపేరు సంచితో కుర్మాన్. తొమ్మిదేళ్ళుగా వాళ్ళ వరస అంతేనట. దేవదారు చెట్ల మధ్య మంచు తొడల లోతు ఉంది. చలి మైనస్ ఇరవై రెండు. గంట తిరక్కుండానే విదేశీ గడియారం తెర నల్లబడింది. జోల్దోష్ దాన్ని చంకలో పెట్టి వెచ్చబెట్టాడు, నోటితో ఊదాడు, బతిమాలాడు. చచ్చిన గడియారం లేవలేదు.

చెట్లు అయిపోయి బోడికొండ మొదలైనప్పుడు కాళ్ళ కింద 'బుమ్మ్' అని ఒక మూలుగు వినపడింది. మంచు పొర లోపల కుంగిన శబ్దం. పదేళ్ళ క్రితం అతను చివరిసారి విన్న శబ్దం అదే, ఆ తర్వాత చీకటి. జోల్దోష్ కాళ్ళు బిగుసుకుపోయాయి. వెనక్కి తిరిగి పారిపోతే ఎంత బాగుంటుందో అనుకున్నాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే రెండుసార్లు అనుకున్నాడు.

"ఊపిరి తీసుకో తమ్ముడూ," అంది కనిషాయ్ వెనక్కి తిరిగి. "తియ్యడం ఉచితమే."

రాళ్ళ చాటున కాసేపు ఆగారు. కనిషాయ్ చేతులు రుద్దుకుంటూ, "కుర్మాన్, టీ పొయ్యరా," అంది.

"పైన. కొండకొమ్ము మీద తాగుదాం," అన్నాడు కుర్మాన్, నీలం ఫ్లాస్కుని సంచిలో ఇంకా లోపలికి తోస్తూ.

"ఎప్పుడూ ఇక్కడేగా?"

"ఇవాళ పైన."

జోల్దోష్ ఆ మాటలు విన్నాడు, పట్టించుకోలేదు. జాన్నా సంచి జిప్పు ఎన్నిసార్లు తీసిందో లెక్కపెడుతున్నాడు. ఆమె వచ్చి పక్కన చతికిలబడింది.

"పొద్దున్నుంచి నన్నే చూస్తున్నావు," అంది, పెదాలు కదపకుండా.

"అదేం లేదు."

"ఫర్వాలేదులే. అందరూ నన్నే చూస్తారు. చూడాలనే ఈ ఎర్ర జాకెట్టు. నేనున్నచోట ఇంకెవరినీ చూడరు. అదే నా ఉద్యోగం, నాకు చిరాకు కూడా అదే." లేచి మంచు దులుపుకుంది. "ఓమురాలీ గారికి చెప్పు, ఈ గుంపులో ముఠా మనిషి ఎవరో నాకు కూడా చెప్పలేదు వాళ్ళు. కొంచెం ఇంకెటైనా చూడు బాబూ."

జోల్దోష్‌కి అప్పుడు నిజంగా భయమేసింది. ఆమె అబద్ధం చెప్తుంటే ఒక భయం. నిజం చెప్తుంటే అంతకంటే పెద్ద భయం.

*

ఆ వాలుని ఊళ్ళో దుప్పటి అంటారు. ఎనభై అడుగుల మేర తెల్లగా, నున్నగా, ముడత లేకుండా పరుచుకుని ఉంటుంది. అవతల ఒక పెద్ద బండ. ఆ బండ ఎక్కితే ఇక భయం లేదు. పడమటి గాలి తర్వాత కొమ్ముకి వేరే దారి లేదు.

"ఒక్కొక్కరే దాటాలి," అన్నాడు సారిబాయ్, ప్రతి ఆదివారం అన్నట్టే. "ఒకరు బండ ఎక్కి కర్ర ఊపేదాకా ఇంకొకరు కదలకూడదు." మెల్లగా, పిల్లిలా దాటాడు. అవతల బండ ఎక్కి కర్ర ఊపాడు.

కనిషాయ్ ముందుకి జరిగింది. జోల్దోష్ ఆమె సంచి పట్టీ సరిచేస్తున్నట్టు నటిస్తూ చెవిలో అన్నాడు. "అక్కా, వద్దు. ఎవరో ఇంకా తేలలేదు. నాకు కడుపులో తిప్పిందని చెప్పి వెనక్కి పోదాం."

"భయమేస్తోందా?"

"చచ్చేంత."

"నాక్కూడా." ఆమె గొంతులో మొదటిసారి నవ్వు లేదు. "ఎవరో తేలకుండా దిగిపోతే ఈ సాయంత్రం రోడ్డు మీద, కాకపోతే మా అమ్మ ఉన్నప్పుడు ఇంట్లో. ఇక్కడైతే వాళ్ళు మీట బయటికి తియ్యాల్సిందే. నేను మెల్లగా నడుస్తా. నీకు రెండు నిమిషాలు. చూడు."

అంటూనే దుప్పటి మీదికి స్కీ పెట్టేసింది.

రెండు నిమిషాలు. ఒడ్డున మిగిలింది ముగ్గురు. జోల్దోష్, జాన్నా, కుర్మాన్. గడియారం చచ్చింది. మీట దగ్గర పెట్టుకున్నవాళ్ళు ఇప్పుడు దాన్ని ఆన్ చేసి తీరాలి. ఆన్ చేసిన యంత్రం ఏదైనా దాచుకోవచ్చు గాని...

బీకన్‌కి మతి పోతుంది.

పొద్దున సారిబాయ్ తిట్టిన తిట్టు అతని బుర్రలో గిర్రున తిరిగింది. ఛాతీ మీద చెయ్యి వేశాడు. పెట్టెని 'వెతుకు'లోకి తిప్పితే తెలిసిపోతుంది. తిప్పితే తన పెట్టె పలకడం ఆపేస్తుంది. ఆ క్షణం నుంచి ఏది విరిగినా అతన్ని ఎవరూ కనిపెట్టలేరు. పదకొండు నిమిషాలు కాదు, మే నెల దాకా. నోట్లో మంచు, కళ్ళ మీద మంచు, కదలని వేళ్ళు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

కనిషాయ్ ఇరవై అడుగులు వెళ్ళింది.

తిప్పేశాడు.

జాన్నా వైపు జరిగాడు. అంకె నిలకడగా ఉంది. కుర్మాన్ వైపు తిరిగాడు. మూడు. నలభై ఒకటి. పదిహేడు. బాణం గుర్తు బొంగరంలా తిరిగింది.

కుర్మాన్ నీలం ఫ్లాస్కుని పొట్టకి ఆనించుకుని నిలబడ్డాడు. మూత సగం వదులు చేసి ఉంది. అతని బొటనవేలు ఆ సందులో ఉంది. తొమ్మిదేళ్ళుగా అందరికీ టీ పోసిన ఫ్లాస్కు, ఇవాళ ఎవరికీ పొయ్యని ఫ్లాస్కు. పన్ను నొప్పి. జోల్దోష్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

అరిస్తే నొక్కేస్తాడు. మీద పడినా నొక్కేస్తాడు. కనిషాయ్ ముప్పై ఐదు అడుగుల దగ్గర, సరిగ్గా నడిమధ్యకి వస్తోంది.

జోల్దోష్ జాకెట్టులోంచి గుడ్డ తీశాడు. సగం రొట్టె. ఆమె తల్లి ఇచ్చిన రొట్టె. దాన్ని కుర్మాన్ మొహం ముందు పట్టుకున్నాడు.

"కుర్మాన్ అన్నా, పొద్దున నువ్వు ముట్టుకోలేదు."

కుర్మాన్ ఉలిక్కిపడ్డాడు. "పన్ను నొప్పి," అన్నాడు అలవాటుగా.

"నొప్పి పన్నుకి కాదు. ఆ ఇంటి రొట్టె తిని ఆ ఇంటి పిల్లని చంపడం నీవల్ల కాలేదు. ఇప్పుడు తిను. ఒక్క ముక్క. తిని నొక్కు, నేను అడ్డురాను."

జాన్నా తల తిప్పింది. ఒక్క చూపులో అంతా అర్థమైపోయి, కదలకుండా నిలబడిపోయింది.

"తియ్యవతల," అన్నాడు కుర్మాన్. "పోయినేడు ఆ ఇంజనీరు ఎలా పోయాడో వీడియో తీశార్రా. నాకు చూపించారు. 'మాట వినకపోతే తర్వాత నువ్వే' అన్నారు. నాకు భయమేసిందిరా. ఇంకేం లేదు. భయమేసింది."

"నాక్కూడా భయంగానే ఉందన్నా. తిను."

దూరంనుంచి కనిషాయ్ గొంతు, అంత భయంలోనూ గట్టిగా వినపడింది. "కుర్మాన్! ఆ టీ చల్లారితే నీ తల మీదే పోస్తా చూసుకో!"

కుర్మాన్ రొట్టె వంక చూశాడు. ఆమె వంక చూశాడు. బొటనవేలు సందులోంచి బయటికి వచ్చింది. చేతుల్లో సత్తువంతా పోయి ఆ మనిషి మోకాళ్ళ మీద కూలబడ్డాడు, తొడుగు మీంచి ఫ్లాస్కు జారింది, మంచు మీద పడి, దుప్పటి వైపు దొర్లింది.

మూత వదులుగా ఉంది. కింద నల్లరాళ్ళున్నాయి. ఏ రాయి తగిలినా మీట నొక్కుకుపోతుంది. కనిషాయ్‌కి బండ ఇంకా ఇరవై అడుగులు.

జోల్దోష్ దూకాడు. ఆలోచించి దూకాడని విభాగం ఫైల్లో రాసుంది గాని, అంత టైము ఎక్కడిది? పొట్ట మీద జారాడు, ఎడమ చేత్తో ఫ్లాస్కుని దొరకబుచ్చుకున్నాడు, పళ్ళతో పట్టుకుని మూత బిగించాడు. కుడి చేతిలో రొట్టె అలాగే ఉంది. చిన్నప్పటినుంచి రొట్టె కింద పడెయ్యకూడదని నేర్పిన చెయ్యి అది, వదల్లేదు. తలెత్తి చూసేసరికి సారిబాయ్ కనిషాయ్‌ని జబ్బ పట్టుకుని బండ మీదికి లాగుతున్నాడు.

హమ్మయ్య అనుకోబోయాడు.

దుప్పటి మీద ఒక్కరే ఉండాలి. ఇద్దరయ్యారు. ముఠా పాతిన మందు పేలలేదు, దాని అవసరమే లేకపోయింది. జోల్దోష్ పొట్ట కింద 'బుమ్మ్' అని మూలిగింది, పైన ఒక గీత పరుగెత్తింది, కొండ కొండంతా కదిలింది.

*

లోపల చీకటి. పారిపోవడానికి ఒక్క వేలెడు చోటు లేదు. ఛాతీ పైకి లేవడంలేదు. ఏది పైనో ఏది కిందో తెలియదు. జోల్దోష్ అరిచాడు, ఆ అరుపు అతని నోరు దాటలేదు. ఛాతీ మీద పెట్టె నోరు మూసుకుని వింటోంది. తనే మూశాడు దాని నోరు. అమ్మా, అనుకున్నాడు. అంతకంటే గొప్ప మాటేదీ రాలేదు.

పైన నలుగురూ కిందికి జారివచ్చారు.

"'వెతుకు'లోకి తిప్పండి!" సారిబాయ్ కేక వేశాడు. అందరూ తిప్పారు.

"ఏదీ? నా దాంట్లో ఏం రావట్లేదు!" కనిషాయ్ గొంతు చీరుకుపోయింది. "పెట్టె పలకట్లేదు పెద్దాయనా! పొద్దున పలికిందిగా?"

"తిప్పేశాడు," అంది జాన్నా. మొహంలో రక్తం లేదు. "వీణ్ణి కనిపెట్టడానికి తనది 'వెతుకు'లోకి తిప్పుకున్నాడు." చేతిలో చిన్న పిస్తోలు ఉంది, కుర్మాన్ మెడకి ఆనించి ఉంది.

పైన నాలుగు పెట్టెలు వింటున్నాయి, కింద ఐదోది వింటోంది. పలికేది ఒక్కటీ లేదు.

"నన్ను తర్వాత కట్టెయ్," అన్నాడు కుర్మాన్, ఏడుస్తూనే. "ఇప్పుడు కట్టేస్తే తవ్వడానికి రెండు చేతులు తగ్గుతాయి."

జాన్నా ఒక్క క్షణం చూసి పిస్తోలు దించింది. నలుగురూ పొడవాటి కడ్డీలు గుచ్చడం మొదలుపెట్టారు. గుచ్చడం, లాగడం, అడుగు జరగడం, మళ్ళీ గుచ్చడం. రెండు నిమిషాలు. మూడు. ఎక్కడ గుచ్చినా మంచే. మంచుగడ్డల మధ్య కనిషాయ్ పిచ్చిదానిలా తిరుగుతోంది.

అప్పుడు ఆమె కంటికి పది అడుగుల దూరంలో తెలుపు మీద గోధుమరంగు తునక ఒకటి కనపడింది.

రొట్టె. కింద పడి ఉంది.

తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆమె ఒకటే చెప్పింది. తను అప్పుడు మనిషి కోసం పోలేదట. రొట్టె కింద పడి ఉంటే, పక్కన ఇల్లు కాలిపోతున్నా సరే, ముందు వంగి తీసి కళ్ళకద్దుకుని ఎత్తులో పెట్టాలి. చెయ్యి దానంతటదే పోయిందట. వంగింది. పట్టుకుని లాగింది.

అటువైపునుంచి రొట్టె వెనక్కి లాగింది.

"ఇక్కడ!" ఆ కేక కొండలన్నీ తిరిగొచ్చింది. "వేళ్ళున్నాయి! ఇక్కడ తవ్వండి!"

కుర్మాన్ అందరికంటే ముందు వచ్చి పడ్డాడు. పారతో, చేతులతో, తొడుగులు ఊడిపోయినా అలాగే తవ్వాడు. మొహం బయటపడేసరికి నీలంగా ఉంది. సారిబాయ్ అతని నోట్లో మంచుని వేలితో లాగేశాడు. దగ్గు. ఇంకొక దగ్గు. జోల్దోష్ కళ్ళు తెరిచాడు.

"రొట్టె... కింద పడలేదుగా?"

కనిషాయ్ ఛెళ్ళున లెంపకాయ కొట్టింది. తర్వాత ఆ తల ఒళ్ళో పెట్టుకుని భోరుమంది.

కుర్మాన్ రక్తం కారుతున్న చేతులు జాన్నా ముందుకి చాపాడు. ఆమె స్కీ పట్టీతో కట్టింది. దిగేముందు కనిషాయ్ రొట్టె నాలుగు ముక్కలు చేసింది. ఆగింది. ఒక ముక్కని మళ్ళీ రెండు చేసి, అందులో ఒకటి కుర్మాన్ నోటి దగ్గర పెట్టింది. అతను నోరు తెరవలేకపోయాడు. ఆమె ఆ ముక్కని అతని జేబులో వేసి జిప్పు పెట్టింది. పొద్దున్నుంచీ వాగిన మనిషి, కిందికి దిగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ సాయంత్రం జాన్నా ముఠాకి సందేశం పంపింది. దుప్పటి విరిగింది, పని పూర్తయింది అని. అందులో సగం నిజమే. సోమవారం పదింటికి కనిషాయ్ కోర్టు గదిలోకి నడిచి వెళ్ళినప్పుడు, మ్యాపులు కొన్న పెద్దమనుషులు ధీమాగా ముందువరసలోనే కూచుని ఉన్నారట. పోలీసులకి వెతుక్కునే పని కూడా తప్పింది.

మంగళవారం చీఫ్ ఓమురాలీ ఫోన్ చేశాడు. "నీ రిపోర్టు అందింది. గడియారం ఏదయ్యా? విదేశీ సరుకు అని చెప్పానా?"

"దుప్పటి కింద ఉంది సార్. మే నెలలో చూద్దాం."

"సరే. మరి ఈ 'మిషన్‌లో పనికొచ్చిన పరికరం' అన్న గళ్ళో ఏమిటిది, సగం రొట్టె అని రాశావు? దాన్ని మన ల్యాబ్‌కి పంపాలి. ఎక్కడుంది?"

జోల్దోష్ దుప్పటిని గడ్డం దాకా లాక్కున్నాడు, అంతకుమించి లాక్కోలేదు.

"తినేశాం సార్."